కాలేజీ మ్యూజియానికి కలెక్షన్ పాలసీ ఎలా రాసుకోవాలి? చిత్తూరు మేడమ్ గారికి నా సమాధానం

మేడమ్, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చిత్తూరులో మీ డిగ్రీ కాలేజీలో జియాలజీ, జువాలజీ, బోటనీ మూడింటికీ కలిపి ఒకటే మ్యూజియం గది. సుమారు 1,800 రాళ్లు, ఖనిజాలు, జంతు నమూనాలున్న సీసాలు అరవై దాకా, స్టఫ్ చేసిన పక్షులు, జంతువులు కొన్ని, రెండు బీరువాల నిండా ఎండు మొక్కల షీట్లు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లు వస్తున్నారు కాబట్టి ‘కలెక్షన్ పాలసీ’ ఒకటి తయారు చేయమని ప్రిన్సిపాల్ గారు అన్నారు. ఏదైనా విదేశీ మ్యూజియం పాలసీ తీసుకుని పేరు మార్చి పెట్టొచ్చా అని అడిగారు. గనుల్లో పనిచేసి ఈమధ్య కాలం చేసిన ఒక పెద్దాయన కుటుంబం పదకొండు పెట్టెల ఖనిజాలు ఇస్తామంటోంది, తీసుకోవాలా అని అడిగారు. లేబుల్ లేని రాళ్లు, పాత సీసాలు కండెమ్ చేసేయొచ్చా, అంటే పనికిరావని రాసి తీసేయొచ్చా అన్నది మూడోది.

నేను తిరుపతిలో ఒక కాలేజీ జియాలజీ మ్యూజియం బాధ్యత ఇరవై ఆరేళ్లు చూశాను. ఆ అనుభవం మీదే చెబుతున్నాను.

పేరు మార్చి పెట్టొద్దు మేడమ్. న్యాక్ వాళ్లు పట్టుకుంటారేమోనన్న భయంతో చెప్పడం లేదు. ఆ పాలసీల్లో ప్రతి పేజీలోనూ రిజిస్ట్రార్ ఇది చేస్తారు, కన్సర్వేటర్ అది చూస్తారు అని ఉంటుంది. మీ దగ్గర ఉన్నది మీరు, ఒక అటెండర్, ఒక తాళాల గుత్తి. లేని మనుషులకు పనులు అప్పగించిన కాగితం ఫైల్లోనే పడి ఉంటుంది. ఏది తీసుకుంటాం, ఏది వద్దంటాం, ఎవరు సంతకం పెడితే లోపలికి వస్తుంది, ఎవరు సంతకం పెడితే బయటికి పోతుంది, ఎవరు చూడొచ్చు, ఎవరు ముట్టుకోవచ్చు... పాలసీలో ఉండాల్సింది ఇదే. ఐదారు పేజీలు చాలు. గవర్నింగ్ బాడీలో పెట్టి తీర్మానం చేయించండి. నంబరు ఎలా వేయాలి, తేమ పీల్చే సిలికా జెల్ ఎప్పుడు మార్చాలి లాంటివి వేరే నోట్‌బుక్కులో రాసుకోండి. అవి ఏటా మారుతూ ఉంటాయి, మారినప్పుడల్లా గవర్నింగ్ బాడీ దగ్గరికి పోలేరు కదా.

మన కాలేజీల్లో అసలు తిప్పలు స్టాక్ రిజిస్టర్ దగ్గర మొదలవుతాయి. బల్లలు, స్టూళ్లు, మైక్రోస్కోపులు ఎక్కించిన పుస్తకంలోకే రాళ్లూ ఎక్కుతాయి. ‘బెరైటీస్, 6 నంబర్లు. గ్రానైట్, 14 నంబర్లు.’ ఏ ఊరిది, ఎవరు తెచ్చారు, ఏ సంవత్సరం అన్నవి ఉండవు. స్టాక్ వెరిఫికేషన్‌కు వచ్చినాయన ఆరు ఉన్నాయో లేదో లెక్కపెట్టుకుని టిక్కు పెట్టి వెళ్తారు. మంచి బెరైటీస్ తీసుకుపోయి ఆ చోట కంకర రాయి పెట్టినా లెక్క ఆరే. పదేళ్లు గడిచాక విరిగిన స్టూళ్లతో పాటు అవీ కండెమ్నేషన్ జాబితాలోకి చేరతాయి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, తిరుపతికి రాకముందు, ఇంకో ఊళ్లో ఒక కాలేజీలో ఉండేవాడిని. వేసవి సెలవుల్లో పాత బ్లాకు కూల్చారు. జూన్‌లో వచ్చి చూస్తే మా రెండు బీరువాలూ ఖాళీ. అందులో రాళ్లన్నీ కొత్త బ్లాకు పునాది గుంతలో పోసేశారు. కాగితం మాత్రం సక్రమంగా ఉంది. కమిటీ సంతకాలు, ‘పనికిరాని రాళ్లు, మూడు బస్తాలు’ అని ఒక వాక్యం. ఆ మూడు బస్తాల్లో కుప్పం వైపు చిగురుగుంట, బిసానత్తం బంగారు గనుల నుంచి తెచ్చిన క్వార్ట్జ్ ముక్కలు ఉండేవి. భూమి లోపల ఏ లెవెల్‌లో తీశారో సహా రాసిన లేబుళ్లు వాటితో ఉండేవి. గొడవ పెట్టుకుంటే, గనులు నడుస్తూనే ఉన్నాయిగా, ఇంకోసారి పోయి తెచ్చుకుందాంలే అన్నారు. ఆ గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ 2001లో మూతపడింది. ఆ సొరంగాల్లోకి దిగి అదే లెవెల్ నుంచి ముక్క తెచ్చేవాళ్లు ఇప్పుడెవరు? ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

అందుకే మీ పాలసీలో మొదటి వాక్యం ఇలా ఉండాలంటాను: ‘మ్యూజియం నమూనాలు స్టాక్ రిజిస్టర్‌లోకి రావు, వాటికి ప్రత్యేకంగా అక్సెషన్ రిజిస్టర్ (వచ్చిన ప్రతి నమూనానూ నంబరుతో నమోదు చేసే పుస్తకం) ఉంటుంది, కాలేజీ కండెమ్నేషన్ కమిటీకి వాటి మీద అధికారం లేదు.’ గట్టి అట్ట బైండింగ్, పేజీ నంబర్లు ముందే అచ్చయిన పుస్తకం కొనండి. కంప్యూటర్లో ఎక్సెల్ కూడా పెట్టండి, కాపీ రెండు చోట్ల దాచండి. కానీ సంతకాలతో ఉండే పుస్తకం మాత్రం తప్పనిసరి. ఒక లెక్చరర్ బదిలీ అయి ఇంకొకరికి చార్జ్ అప్పగించేటప్పుడు ఈ పుస్తకం ముందు పెట్టుకుని అరలు తెరిచి చూసుకోవాలని కూడా పాలసీలో రాయండి. మన మ్యూజియాల్లో వస్తువులు ఎక్కువగా మాయమయ్యేది ఆ చార్జ్ మార్పిడి వారంలోనే.

తర్వాత, మీ పరిధి ఏమిటో తేల్చుకోండి. అందరికీ చూపించి ఆశ్చర్యపరిచే పనికి తిరుపతిలో ప్రాంతీయ సైన్స్ కేంద్రం ఉంది. మీ గది చేయాల్సిన పని వేరు. ఒకసారి మా పూర్వ విద్యార్థి ఒకరు పుణే నుంచి జియోలైట్లు తెచ్చి ఇచ్చారు. వాటితో పాటు పచ్చగా, గాజులా మెరిసే అపోఫిలైట్ స్ఫటికాలు. అందరూ ఫొటోలు దిగారు. అదే వారం మా కుర్రాడు ఒకడు వేంపల్లె దగ్గర డోలమైట్‌లో దొరికిన స్ట్రోమటోలైట్ ముక్క పట్టుకొచ్చాడు. బూడిద రంగు రాయి, ఉల్లిపాయ కోసినట్టు పొరలు. కడప బేసిన్ సముద్రంలో కోట్ల ఏళ్ల కింద సూక్ష్మజీవులు కట్టుకున్న పొరలవి. దాన్నెవరూ పట్టించుకోలేదు. మన కాలేజీకి కావాల్సింది ఆ రెండోదే. మంగంపేట బెరైటీస్, పులివెందుల రాతినార (ఆస్బెస్టాస్), గూడూరు అభ్రకం గనుల పెగ్మటైట్లు (పెద్ద స్ఫటికాల శిలలు), కుప్పం వైపు గ్రానైట్లు, కోలార్ పట్టీ శిలలు, నగరి క్వార్ట్‌జైట్. ‘రాయలసీమ, దాని చుట్టుపక్కల ప్రాంతాల శిలలు, ఖనిజాలు, జీవజాలం. పాఠానికి తప్పనిసరి అయితే తప్ప బయటి ప్రాంతాలవి తీసుకోము’ అని ఒక వాక్యం రాసుకుంటే రేపు ఎవరికైనా వద్దని చెప్పడానికి మీకు మొహమాటం ఉండదు. పాలసీలో ఉంది సార్, నా చేతుల్లో లేదు అని చెప్పొచ్చు.

ఇక లేబుల్. దీనిమీద కాస్త ఎక్కువే చెబుతాను, విసుక్కోకండి. 2009 జూన్‌లో ఇంగ్లండ్‌లోని ట్రింగ్‌లో నేచురల్ హిస్టరీ మ్యూజియం నుంచి 299 పక్షి చర్మాలు దొంగతనానికి గురయ్యాయి. తర్వాత దొంగ దొరికాడు, 174 పక్షులు చెక్కుచెదరకుండా తిరిగొచ్చాయి. వాటిలో లేబుల్ కాలికి ఇంకా కట్టి ఉన్నవి 102 మాత్రమే. మిగతావాటికి ఈకలు ఉన్నాయి, రంగులు ఉన్నాయి, ఏ అడవిలో ఏ తేదీన పట్టారో చెప్పే కాగితం లేదు. పరిశోధనకు అవి దాదాపు పనికిరాకుండా పోయాయి. రాయి విషయంలోనూ అంతే. లేబుల్ ఊడిపోయిన ముక్కను చూసి ఏ ఖనిజమో చెప్పగలం. ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు.

లేబుల్ మీద జిల్లా పేరు రాసి వదిలేయకండి. 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా ముక్కలై తిరుపతి, అన్నమయ్య జిల్లాలు వచ్చాయి. ఇప్పుడు ‘చిత్తూరు జిల్లా’ అని ఉన్న పాత లేబుల్ చూస్తే అది మదనపల్లె రాయా, శ్రీకాళహస్తి రాయా, పలమనేరు రాయా చెప్పలేం. ఇది ఈనాటి సమస్య కూడా కాదు. చిత్తూరు జిల్లా ఏర్పడిందే 1911లో. అంతకుముందటి లేబుళ్లలో తిరుపతి కొండ ఉత్తర ఆర్కాటు జిల్లా కింద ఉంటుంది. ఊరు, మండలం, గుట్ట లేదా వాగు పేరు, జీపీఎస్ అంకెలు, తెచ్చినవారి పేరు, తేదీ. ఇవన్నీ ఉండాలి. పాత లేబుల్‌లో తప్పున్నా దాన్ని కొట్టివేయొద్దు, పారేయొద్దు. కొత్త లేబుల్ రాసి పాతదాన్ని పక్కనే ఒక కవర్లో ఉంచండి. అక్షర దోషం కూడా ఒక్కోసారి ఆధారమవుతుంది.

నంబరు వేసే పని మేం ఎలా చేసేవాళ్లమో చెబుతాను. మంగంపేట బెరైటీస్ ముక్క ఒకటి తీసుకోండి. చేతిలోకి తీసుకోగానే అనుకున్నదానికంటే బరువు తగులుతుంది, అదే దాని గుర్తు. స్ఫటికం లేని, చూపుకు అడ్డురాని మూలను వెతకాలి. అక్కడ పొడి కుంచెతో దుమ్ము దులిపి, పారలాయిడ్ బి-72 అనే రెసిన్‌ను అసిటోన్‌లో కరిగించి, వేలిగోరంత మేర ఒక పూత వేయాలి. ఆరాక సన్నటి నిబ్బుతో ఇండియన్ ఇంకు నంబరు. రాయి నల్లటిదైతే ముందు తెల్ల రంగు పట్టీ. అది ఆరాక పైన మళ్లీ ఒక పూత. ఎప్పుడైనా తీసేయాలనుకుంటే అసిటోన్ దూదితో తుడిస్తే వచ్చేస్తుంది, రాయికి ఏమీ కాదు. చాలామంది గోళ్ల రంగు వాడతారు. కొన్నేళ్లకు అది పసుపెక్కి పొలుసుగా ఊడిపోతుంది, దాంతో నంబరూ పోతుంది. స్టిక్కర్లు అసలే వద్దు, మన ఎండలకు ఒక్క వేసవిలో జిగురు ఎండి రాలిపోతాయి. నంబరు ఎలా ఉండాలంటే, 2024.5.12 అంటే ఆ సంవత్సరంలో ఐదోసారి వచ్చిన సరుకులో పన్నెండో ముక్క. ఖనిజం పేరుతో నంబరు పెట్టొద్దు. రేపు ఎవరైనా పరీక్షించి ఇది అది కాదని తేలిస్తే నంబరు కూడా తప్పయిపోతుంది.

నంబరు రాయి మీద, లేబుల్ మీద, పుస్తకంలో, మూడు చోట్లా ఎందుకు ఉండాలో నాకు ఒక నవంబరులో తెలిసొచ్చింది. ఈశాన్య రుతుపవనం బాగా పట్టిన ఏడాది. పైరైట్ లాంటి సల్ఫైడ్ ఖనిజాల అర లాగితే గంధకం కాల్చినట్టు ఘాటు వాసన. పైరైట్ ముక్క మీద పసుపు, తెలుపు కలిసిన పొడి, ముట్టుకుంటే రాలుతోంది. కింద ఉన్న లేబుల్ అంచులు నిప్పంటించినట్టు గోధుమ రంగులోకి మారి పొడిపొడిగా ఉన్నాయి. మధ్యలో ‘ముక్క’ అన్న మాట ఒక్కటే మిగిలింది. గాలిలో తేమ 60 శాతం దాటితే కొన్ని పైరైట్, మార్కసైట్ నమూనాలు ఆక్సిజన్‌తో కలిసి ఇనుప సల్ఫేట్, గంధకామ్లం తయారు చేస్తాయి. ఆ ఆమ్లం లేబుల్‌ను, అట్ట ట్రేను, పక్కనున్న రాయిని కూడా తింటుంది. రాయి కింద మూలన వేసిన నంబరు అదృష్టం కొద్దీ మిగిలింది కాబట్టి పుస్తకంలో వెతికి వివరాలన్నీ తిరిగి రాశాను. ఇలాంటివాటిని నీళ్లతో కడగొద్దు. పొడి కుంచెతో దులిపి, గట్టి మూత డబ్బాలో సిలికా జెల్ వేసి విడిగా ఉంచండి. అక్టోబరు నుంచి జనవరి దాకా పదిహేను రోజులకోసారి ఆ డబ్బాలు చూడటం ఎవరి పనో పేరు పెట్టి కాకుండా పదవి పెట్టి రాయండి.

వెలుతురు సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. రియల్గార్ అనే ఖనిజం ఎండ తగిలితే ఎర్రటిది కాస్తా పసుపు పొడి అవుతుంది, అమెథిస్ట్ వన్నె తగ్గుతుంది. కిటికీ పక్క షోకేసులో సాధారణ గ్రానైట్ పెట్టుకోండి. గవ్వలు, శంఖాలు చెక్క బీరువాలో ఉంటే మాత్రం జాగ్రత్త. చెక్క నుంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరికి వాటి మీద తెల్లటి పొడి పూస్తుంది. దాన్ని బూజు అనుకుని తుడుస్తూ కూర్చుంటారు. వాటిని ఇనుప బీరువాలోకి మార్చాలి.

చట్టాల విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకంగా కొన్ని ఉన్నాయి. తిరుమల ఘాట్ రోడ్డులో కింద అతి ప్రాచీనమైన ఆర్కియన్ గ్రానైట్, పైన నగరి క్వార్ట్‌జైట్, వాటి మధ్య సుమారు 80 కోట్ల ఏళ్ల విరామం కళ్లకు కనిపించే చోటు ఉంది కదా, ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ. అదీ, కొండ మీది శిలాతోరణం కూడా భారత భూగర్భ సర్వే సంస్థ జీఎస్‌ఐ గుర్తించిన జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలు. ఫీల్డ్ ట్రిప్‌కు వెళ్లిన పిల్లలు ఉత్సాహం కొద్దీ సుత్తితో ఒక ముక్క కొట్టి తెస్తారు. మా దగ్గరికి ఒకడు తెచ్చి, ‘సార్, మ్యూజియంకు’ అన్నాడు. వాడి ముఖం చూస్తే వద్దనబుద్ధి కాలేదు, అయినా తీసుకోలేదు. తీసుకుంటే మరుసటి ఏడాది ఇంకో పదిమంది కొడతారు. శేషాచలం అడవుల్లో రాయి కూడా ఊరికే తేకూడదు. అటవీ చట్టాల లెక్కలో అడవిలోని రాయి, మట్టి కూడా అటవీ ఉత్పత్తులే. ఎర్రచందనం సంగతి చెప్పక్కర్లేదు. బోటనీ వాళ్లు కలప నమూనా అని అరచేయంత చెక్క పెట్టుకున్నా దాని వెనుక అటవీశాఖ కాగితం ఉండాలి. సైకస్ బెడ్డోమీ లాంటి మొక్కకూ అంతే.

మీ స్టఫ్ చేసిన జంతువుల్లో అలుగు (పాంగోలిన్) ఒకటి, సీసాలో దేవాంగపిల్లి ఒకటి ఉన్నాయని రాశారు. రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నవే. పబ్లిక్ మ్యూజియానికి ఆ చట్టంలో కొంత వెసులుబాటు ఉంది. కానీ కాలేజీ గది పబ్లిక్ మ్యూజియం కిందికి వస్తుందని మనకు మనమే తీర్మానించుకోకూడదు. ఉన్నవాటి జాబితా, ఫొటోలు, ఏ సంవత్సరం నుంచి ఉన్నాయో పాత స్టాక్ రిజిస్టర్ పేజీ జిరాక్స్ జతచేసి అటవీ అధికారి డీఎఫ్‌వో గారికి ప్రిన్సిపాల్ పేరుతో లెటర్ పెట్టండి. అక్‌నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. టెన్షన్ పడి రాత్రికి రాత్రి వాటిని కాల్చడం, పూడ్చడం మాత్రం చేయొద్దు, అది ఇంకా పెద్ద చిక్కు తెస్తుంది. కొత్తగా ఎవరైనా చచ్చిన జంతువును తెచ్చి ఇస్తే ఫారెస్ట్ వాళ్లకు ఫోన్ చేయడమే, మీరు చేయి పెట్టొద్దు. ఉల్క అంటూ ఎవరైనా నల్లరాయి తెస్తే చాలావరకు అది ఇనుప కొలిమి చిట్టెమో, హెమటైటో అవుతుంది. నిజంగా అనుమానం ఉంటే జీఎస్‌ఐకి తెలియజేయండి, మన దేశంలో పడిన ఉల్కల బాధ్యత వాళ్లది.

ప్రాణానికి సంబంధించినది ఒకటి. పాత స్టఫ్డ్ పక్షులకు పురుగు పట్టకుండా ఆర్సెనిక్ సబ్బు పూసేవారు. పాత హెర్బేరియం (ఎండు మొక్కల) షీట్లకు మెర్క్యురిక్ క్లోరైడ్ కొట్టేవారు. చూడటానికి ఏమీ తెలియదు. అవి మీకంటే పాతవైతే విషం ఉందనే లెక్క వేసుకుని గ్లవ్స్, మాస్క్ లేకుండా ముట్టుకోవద్దు. అటెండర్‌కు ముందు చెప్పండి, దుమ్ము దులిపేది పాపం అతనే. పులివెందుల రాతినారను రెండు జిప్ కవర్లలో సీలు చేసి, తెరవొద్దని రాసి పెట్టండి. పాఠానికి కవర్ పైనుంచే చూపించండి. గూడూరు పెగ్మటైట్లలో సమర్‌స్కైట్ లాంటి రేడియోధార్మిక ఖనిజాలు ఉంటాయి, నల్లగా బరువుగా ఉన్న ముక్కలను గైగర్ కౌంటర్ ఉన్న ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఒకసారి చూపించండి. అలాంటివి గాలి ఆడే చోట, పిల్లలు కూర్చునే బెంచీకి దూరంగా ఉండాలి. నాలుకతో తాకి చూసే అలవాటు జియాలజీ వాళ్లకు ఉంటుంది, మ్యూజియం గదిలో దాన్ని పూర్తిగా మాన్పించండి.

ఇంకో విషయం ఏ విదేశీ పాలసీలోనూ మీకు దొరకదు. మన ఊళ్లలో ఇంట్లో పెద్దవాళ్లు పోయాక సాలగ్రామాలకు నిత్యం ఆరాధన చేయలేక, ఎక్కడా వదలలేక, మ్యూజియానికి తెచ్చి ఇచ్చేవాళ్లు ఉంటారు. నాకు ముగ్గురు ఇచ్చారు. నేపాల్ గండకీ నదిలో దొరికే ఆ నల్లరాళ్లలో చక్రంలా కనిపించేది అమ్మోనైట్ అనే సముద్రజీవి శిలాజం, జురాసిక్ కాలానిది. పాఠానికి అంతకంటే మంచి నమూనా లేదు. కానీ తెచ్చినామె చేతులు వణుకుతుంటే నేను దాన్ని తీసుకుని రంగు వేసి నంబరు రాయలేను. వాటికి నంబరు రాయి మీద కాకుండా డబ్బా మీద, లోపల పట్టుగుడ్డకు కట్టిన చీటీ మీద వేశాం. ఆమ్లం చుక్క వేయము, కోయము, ప్రాక్టికల్స్‌కు ఇవ్వము అని ఆ కుటుంబానికి రాసిచ్చాం. మొదట వాళ్లను ఏదైనా మఠంలో గానీ గుడిలో గానీ అడిగారా అని కనుక్కునేవాడిని, ఇప్పటికీ అదే సరైన వరస అనుకుంటాను. మీ పాలసీలో దీనికి రెండు వాక్యాలు కేటాయించండి.

నమూనాలు బయటికి ఇచ్చే విషయంలో గట్టిగా ఉండండి. పీహెచ్‌డీ పిల్లలు వచ్చి కొంచెం ముక్క కావాలంటారు. కాదనొద్దు, మ్యూజియం ఉన్నదే అందుకు. ఎంత బరువు తీసుకుంటున్నారు, పొడి చేస్తారా, థిన్ సెక్షన్ (గాజు మీద అంటించి చూసే పల్చటి రాతి పొర) చేస్తారా అన్నది ఫారంలో ఉండాలి. మిగిలిన ముక్క, ఆ గాజు స్లైడు, వచ్చిన ఫలితాల కాపీ మూడూ తిరిగి రావాలి. ఏడాది గడువు. ఇచ్చేముందు స్కేలు పక్కన పెట్టి ఫొటో.

మీ మూడో ప్రశ్నకు వస్తాను. లేబుల్ లేనివన్నీ ఒకేసారి కండెమ్ చేయొద్దు. ముందు పాత స్టాక్ రిజిస్టర్, పాత ప్రాక్టికల్ రికార్డులు, రిటైరైన లెక్చరర్లు, ఈ ముగ్గురినీ అడగండి. అవును, రికార్డు పుస్తకాలు కూడా మాట్లాడతాయి, పిల్లలు వేసిన బొమ్మల్లో మీ రాయి దొరకొచ్చు. ఏడాది టైం పెట్టుకోండి. అప్పటికీ ఆచూకీ తెలియనివి ప్రాక్టికల్స్ సెట్‌లోకి మార్చండి. గీతలు గీయడానికి, హార్డ్‌నెస్ చూడటానికి, ఆమ్లం చుక్క వేయడానికి ఎలాగూ రాళ్లు కావాలి. మ్యూజియం సెట్ వేరు, చేతివాడకం సెట్ వేరు అన్న గీత ఎంత స్పష్టంగా గీస్తే అంత మంచిది. మాకు అది లేక మంచి కాల్సైట్లన్నీ గుంతలు పడ్డాయి.

సీసాలు మాత్రం ఇంకా ఆలోచించి ముట్టుకోండి. 2014లో యూజీసీ డిసెక్షన్లు ఆపమన్నాక జువాలజీ వాళ్లకు కొత్త నమూనాలు రావడం దాదాపు ఆగిపోయింది. మీ దగ్గరున్న సీసాలకు విలువ పెరిగింది. ద్రవం తగ్గినవాటిలో అది ఫార్మలినా, ఆల్కహాలా తెలుసుకోకుండా పైనుంచి పోయకండి. పూర్తిగా ఎండి కుళ్లినవాటిని తీసేయాల్సి వస్తే ఫార్మలిన్ సింకులో పోయకుండా ప్రమాదకర వ్యర్థాల కింద పంపాలి. మ్యూజియం పుస్తకంలో ఎక్కిన ఏ వస్తువునైనా తీసేయాలంటే ముగ్గురు సంతకాలు పెట్టాలి, అందులో ఒకరు బయటి కాలేజీ వాళ్లు కావాలి. ముందు ఇంకో విద్యాసంస్థను కావాలా అని అడగాలి. సిబ్బందికీ వాళ్ల బంధువులకూ ఇవ్వకూడదు. అమ్మితే వచ్చిన డబ్బు మ్యూజియానికే వాడాలి, కాలేజీకి కుర్చీలు కొనడానికి కాదు. పుస్తకంలో ఆ వరుసను కొట్టేయకుండా పక్కన ఏం జరిగిందో రాయాలి.

నిప్పు, నీళ్ల సంగతి మరిచిపోకండి. 2016 ఏప్రిల్ 26న ఢిల్లీలో మన జాతీయ సహజ చరిత్ర మ్యూజియం ఒక్క రాత్రిలో కాలిపోయింది. 2018లో బ్రెజిల్ జాతీయ మ్యూజియం కాలినప్పుడు సుమారు రెండు కోట్ల వస్తువుల సేకరణలో ఎక్కువ భాగం పోయింది. మన దగ్గర 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధుల్లో ఎంత నీళ్లు పారాయో మీకు గుర్తుండే ఉంటుంది. మా కింది గదిలోకి మోకాలు లోతు వచ్చాయి. రాళ్లకేం కాలేదు, కింది అరలో పెట్టిన హెర్బేరియం షీట్లు, రిజిస్టర్లు ముద్దయ్యాయి. కింది అరలో రాళ్లు మాత్రమే పెట్టాలని ఆ తర్వాత రాసుకున్నాం. అక్సెషన్ రిజిస్టర్‌ను పేజీ పేజీ ఫోన్‌తో ఫొటో తీసి ప్రిన్సిపాల్ ఈమెయిల్‌లో ఉంచండి. ఒక్క మధ్యాహ్నం పని.

చివరిగా ఆ పదకొండు పెట్టెలు. వెంటనే ఆటో మాట్లాడుకుని కాలేజీకి తెచ్చేయకండి. పెట్టెలు కదిలితే వాటిలో ఉన్న వరస చెదిరిపోతుంది. ఇద్దరు విద్యార్థులను తీసుకుని మీరే వాళ్లింటికి వెళ్లండి. ప్రతి పెట్టె మూత తీయగానే, దేన్నీ ముట్టుకోకముందే ఫొటో తీయండి. రాళ్లకు చుట్టిన వార్తాపత్రిక ముక్కలు పారేయొద్దు, వాటి మీది తేదీ ఒక్కోసారి లేబుల్‌తో సమానం. ఆయన డైరీలు, పే స్లిప్పులు, బదిలీ ఉత్తర్వులు ఉంటే జిరాక్స్ అడగండి. కాలేజీ ఇచ్చేది ముందు తాత్కాలిక రసీదు మాత్రమే, అరవై రోజుల్లో కమిటీ చూసి ఏవి తీసుకుంటామో చెబుతుందని అందులో ఉండాలి. మీ పరిధిలోకి రానివి వాళ్లకే చెప్పి వేరే కాలేజీకి ఇప్పించండి. ఎప్పటికీ షోకేసులోనే ఉంచుతామని, విడదీయమని మాటివ్వొద్దు. లేబుల్ మీదా, పుస్తకంలోనూ ఆయన పేరు ఎప్పటికీ ఉంటుందని మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు. రాళ్ల ఖరీదు మీరు కట్టి రాసివ్వొద్దు. దాన పత్రం మీద వారసులందరి సంతకాలు ఉండాలి, ఒక కొడుకు ఇచ్చాక ఇంకో కొడుకు వచ్చి అడిగిన సందర్భం నేను చూశాను.

అన్నిటికంటే ముందు ఆ పెద్దాయన భార్యగారి పక్కన ఓ గంట కూర్చోండి. ఆయన ఏ సంవత్సరం ఏ గనిలో చేశారని అడిగితే ఆమెకు గుర్తుండకపోవచ్చు. పిల్లలు ఎక్కడ పుట్టారని అడగండి. ‘పెద్దోడు పుట్టినప్పుడు మంగంపేటలో ఉన్నాం, పాప పుట్టినప్పుడు కుప్పం క్వార్టర్స్‌లో ఉన్నాం’ అని గబగబా చెప్పేస్తారు. ఆ మాటలు తేదీ వేసి రాసుకుని, చదివి వినిపించి, ఆమెతో సంతకం చేయించుకోండి. పెట్టెలు ఆ తర్వాత కదిలించొచ్చు.